తుమ్మకంప లాంటి మనిషి

చిన్నీ, బుజ్జీ,

మొన్న ఫోన్లో మీరడిగిన మాట నన్ను వదలడం లేదు. "తాతయ్యా, కూడా తిరిగినవాణ్ణి ఎడారిలో వదిలేసి పోతుంటే, ఆ బొమ్మ మీద 'మంచివాడు' అని రాశారేంటి?"

మీరు చూసింది 1966లో ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీ తీసిన 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ'. అందులో క్లింట్ ఈస్ట్‌వుడ్ టూకో అనే బందిపోటుని పట్టించి 2000 డాలర్ల బహుమానం తీసుకుంటాడు. తీరా ఉరి తీసే వేళకి దూరం నుంచి కాల్చి తాడు తెంపుతాడు. డబ్బు ఇద్దరూ పంచుకుంటారు. చివరికి విసుగొచ్చి, చేతులు కట్టి ఉన్నవాణ్ణి ఊరికి 70 మైళ్ల అవతల వదిలేస్తాడు. సరిగ్గా అక్కడే తెర మీద ఆ మాట పడుతుంది. మీకు కోపం రావడం న్యాయమే.

మా చిన్నప్పుడు వేరుశనగ చేనికి చుట్టూ తుమ్మకంప వేసేవాళ్లం. ఒకసారి దాని ముల్లు నా మడమలో విరిగిపోయింది. నాయనమ్మ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, జిల్లేడు పాలు వేసి, పిన్నీసుతో తీసింది. నొప్పికి కంపని తిట్టిపోశాను. ఆ రాత్రే చేలో పడబోయిన గేదెల మందను ఆపింది ఆ కంపే. పొద్దున్నే నాన్న దాన్ని పీకెయ్యలేదు, మెచ్చుకోనూ లేదు. ఊడిన చోట సర్ది, చేతులు దులుపుకున్నాడు. కంప చేనుగట్టు మీదే ఉండాలి, ఇంట్లోకి రాకూడదు. 1956 నాటి 'ది సెర్చర్స్' సినిమా చివర్లో జాన్ వేన్, ఎవరో ఎత్తుకుపోయిన పిల్లని ఇంటికి చేరుస్తాడు. అందరూ లోపలికి వెళ్తారు. అతను మాత్రం గుమ్మం బయటే నిలబడి, వెనక్కి తిరిగి వెళ్లిపోతాడు. తలుపు మూసుకుంటుంది. అది చూసినప్పుడల్లా నాకు మా చేనుగట్టే గుర్తొస్తుంది.

నేను మొదట చూసిన కౌబాయ్ మాత్రం మన కృష్ణే. 1971లో వచ్చిన 'మోసగాళ్లకు మోసగాడు' మా ఊరికి ఆలస్యంగా వచ్చింది. టూరింగ్ టాకీసులో నేల టికెట్టు. ఇంటికొచ్చాక నెల రోజులు కర్రముక్కే నా తుపాకీ.

కానీ కంపకి మనసు లేదు, మనిషికి ఉంది. నా పోలిక అక్కడ ఆగిపోతుంది. మీ సినిమాలోనే, వంతెన పేలిపోయాక, కూలిన గోడల మధ్య ఒక కుర్ర సైనికుడు చనిపోతూ ఉంటాడు. అతని పేరేమిటో కూడా ఈస్ట్‌వుడ్‌కి తెలియదు. తన పొడుగు కోటు విప్పి కప్పుతాడు. తను కాలుస్తున్న చుట్టను ఆ కుర్రాడి పెదాలకి అందిస్తాడు. కాసేపటికి అదే చుట్టతో ఫిరంగి అంటించి, పారిపోతున్న టూకో మీద పేలుస్తాడు! కోటు కప్పాడని ఎడారిలో చేసింది మాఫీ అయిపోదు. ఎడారిలో అలా చేశాడని కోటు కప్పడం అబద్ధమూ కాదు. రెంటినీ కూడి ఒక్క మాటలో చెప్పడం ఈ వయసులోనూ నాకు చేతకావడం లేదు.

ఆదివారం అమ్మనడిగి ఆ ఒక్క సీను మళ్లీ పెట్టించుకోండి. కోటు కప్పేటప్పుడు అతని చేతులు చూడండి, కుర్రాడి ఊపిరి ఆగినప్పుడు ముఖం చూడండి. ఏం కనిపించిందో ఇద్దరూ విడివిడిగా నాకు రాయండి.

ప్రేమతో,
తాతయ్య