మోకాలి లోతులో బంగాళాఖాతం

అల వెనక్కి జారేటప్పుడు తడి ఇసుక మీద బాణపు ములుకుల్లాంటి సన్నని గీతలు గుంపుగా కనిపించి, మరుక్షణం చెరిగిపోతాయి. చెన్నైకి దక్షిణాన దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న కోవళం ఒడ్డున వాటిని నాకు చూపించినవారు మా బాబాయి. పెరంబూరు రైలుపెట్టెల కర్మాగారంలో ఉద్యోగ విరమణ చేశాక ఆయనకు గాలం పిచ్చి పట్టుకుంది. "గీత కనిపించిన చోటే దోసిలితో తవ్వు. రెండో అల వచ్చిందా, ఇక దొరకదు" అన్నారు.

మూడోసారికి దొరికింది. వేళ్ల సందుల్లోంచి ఇసుక కారిపోయాక అరచేతిలో బూడిదరంగు గుడ్డులాంటిది మిగిలి, చక్కిలిగిలి పెడుతూ వెనక్కి వెనక్కి పాకింది. ఇది పీత జాతిదే, కానీ పట్టుకుని కరవడానికి డెక్కలు లేవు. శాస్త్రీయ నామం ఎమెరిటా ఏషియాటికా. ఇసుకలో వెనక్కి దూరి, ముఖం సముద్రం వైపు పెట్టి కూర్చుంటుంది. అల విరిగి నీరు వెనక్కి పారేటప్పుడు ఈకల్లాంటి రెండు మీసాలు చాచి, అందులో కొట్టుకొచ్చే సూక్ష్మజీవులను వడగట్టుకుని తింటుంది. ఆ మీసాలు నీటిని చీల్చిన జాడలే నేను చూసిన గీతలు.

తిరగేసి చూస్తే పొట్ట కింద నారింజరంగు గుడ్ల ముద్ద. ఈ పీతల్లో మగవి కొన్ని మిల్లీమీటర్ల పరిమాణంలోనే ప్రౌఢమై, ఆడదాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. పెరిగేకొద్దీ అవే ఆడవిగా మారతాయి. మద్రాసు విశ్వవిద్యాలయ జంతుశాస్త్రవేత్త టి. సుబ్రమోణియం 1981లో ఈ సంగతిని పరిశోధన పత్రంగా ప్రచురించారు. గుడ్లున్నదాన్ని బాబాయి గాలానికి గుచ్చరు, తిరిగి ఇసుకలోకి వదిలేస్తారు. గుడ్లు లేనిది ఎర అవుతుంది.

ఆ ఎరకు మొదట వచ్చేది కిళంగాన్. చెన్నై చేపల బజారుకు అలవాటు పడిన మా ఇంట్లో ఈ తమిళ పేరే స్థిరపడింది. జానెడు పొడవు, వెండి మెరుపు, ముందుకు సాగే చిన్న మూతి. ఇసుకను కెలికి పురుగులనూ చిన్న రొయ్యలనూ ఏరుకుంటుంది. వల చప్పుడు వింటే తానే ఇసుకలో దూరి దాక్కుంటుంది. దారం మీద దాని కాటు రెండు చిన్న టకటకలుగా తెలుస్తుంది. ఇక కీచాన్ అనే చేప పడితే చెప్పనక్కర్లేదు, అదే చెబుతుంది. ఒంట్లోని గాలితిత్తిని కండరాలతో అదిరించి కీచుమంటుంది. చిన్నదైతే బాబాయి దాన్ని బుజ్జగిస్తూ వదిలేస్తారు.

ఇంత తీరం ఉండగా కోవళమే ఎందుకు? అక్కడ రాళ్లతో కూడిన కొమ్ము ఒకటి సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అలలు ప్రధానంగా దక్షిణ దిక్కు నుంచి వస్తాయి. కొమ్మును చుట్టి వంగి వచ్చేసరికి వాటి బలం చాలా పొడవున పరుచుకుని పలచబడుతుంది. దాని ఉత్తరపు వైపున నిలబడితే మోకాళ్ల దగ్గర అల మర్యాదగా ఉంటుంది. పొద్దున్నే నేల మీద నుంచి వీచే పడమటి గాలి నీటిని ఇంకా నునుపు చేస్తుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిందంటే సంచి సర్దుకోవడమే.

ఆ నెలల్లో ఒక్కోరోజు నీళ్లు కాలికి చల్లగా తగులుతాయి. పైన ఎండ మండిపోతూనే ఉంటుంది. దానికి కారణం గాలి. నైరుతి గాలి తీరం వెంబడి వీస్తూ పై నీటిని నెడుతుంది. భూభ్రమణం వల్ల ఉత్తరార్ధగోళంలో ఆ నీరు గాలికి కుడివైపుకు, అంటే ఇక్కడ నడిసముద్రం వైపుకు మళ్లుతుంది. ఖాళీ అయిన చోటికి లోతుల్లోని చల్లని నీరు, పోషకాలతో సహా పైకి వస్తుంది. దాంతో సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటి వెంట చిరుచేపలు, చిరుచేపల వెంట వాటిని వేటాడే పార చేపలు. 2019 ఆగస్టులో చెన్నై తీరాన రాత్రిపూట అలలు నీలంగా వెలిగి ఊరంతా బీచికి పరుగెత్తిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అదీ సూక్ష్మజీవుల పనే.

అక్టోబరు దాటితే కొమ్ము ఉన్నా లేనట్టే. గాలి ఈశాన్యానికి తిరుగుతుంది, అలలు నేరుగా ముఖం మీదికి వస్తాయి. బలమైన అలలు ఒడ్డు ఇసుకను కోసి లోపలికి లాగి, తీరానికి కొంత దూరంలో దిబ్బగా పోస్తాయి. వేసవిలో మేం కుర్చీలు వేసుకున్న చోట నీళ్లుంటాయి. దిబ్బకూ ఒడ్డుకూ మధ్య కాలువలాంటి లోతు ఏర్పడుతుంది. అల విరగకుండా, నీరు ముదురు రంగులో కనిపించే చోటే ఆ లోతు. గాలం వేయాల్సింది అక్కడే, బరువైన సీసపు గుండుతో. కొత్తవాళ్లు దిబ్బ దాటించాలని బలమంతా పెట్టి విసురుతారు. చేపేమో వాళ్ల కాళ్లకు పదిహేను అడుగుల దూరంలో తిరుగుతూ ఉంటుంది.

అసలు విశేషం ఆ నీళ్లలోనే ఉంది. తీరం వెంబడి ప్రవాహం ఈ కాలంలో దక్షిణానికి తిరుగుతుంది. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ 2005 నుంచి దేశ తీరంలో ఎనిమిది చోట్ల మత్స్యకారుల చేత అయిదు రోజులకొకసారి నీటి నమూనాలు తీయించింది. ఓడలు లేవు, ఖరీదైన పరికరాలు లేవు. మోకాలి లోతులో నిలబడి నింపిన సీసాలు, అంతే. 2014లో వచ్చిన ఫలితాల్లో తేలిందేమిటంటే, నైరుతి రుతుపవనాలు ముగిసేనాటికి బంగాళాఖాతం ఉత్తర భాగంలో కిలో నీటికి 10 గ్రాములకు పైగా ఉప్పు తగ్గుతోంది. ఆ తేలిక నీరు సుమారు 100 కిలోమీటర్ల వెడల్పున తీరాన్ని ఆనుకుని దిగుతూ, రెండున్నర నెలల్లో దక్షిణ కొసకు చేరుతోంది. సముద్రంలో ఒక నది! గంగ, బ్రహ్మపుత్ర, మహానది, దారిలో మన గోదావరి, కృష్ణ కలిసిన నీరు కోవళంలో మా కాళ్లను తడుపుతూ పోతోందన్నమాట. నేనీ మాట చెప్పగానే బాబాయి చేయి ముంచి నాలుకకు రాసుకుని, "నిజమే, ఉప్పు తగ్గింది" అన్నారు. ఆయన నాలుక మీద నాకంత నమ్మకం లేదు.

అదే సమయంలో పక్కనే ముట్టుకాడు ఉప్పుటేరు వానలకు పొంగి, నోటికి అడ్డంగా పేరుకున్న ఇసుకను తెంచుకుంటుంది. లోపల పెరిగిన మడవ చేపలు గుడ్లు పెట్టడానికి సముద్రంలోకి వస్తాయి. వాటి కోసం ఆ నోటి దగ్గరే పండుగప్ప కాపు కాస్తుంది. పండుగప్ప కూడా మగదిగా మొదలై, కొన్నేళ్లకు ఆడదవుతుంది. ముట్టుకాడులో ప్రయోగ కేంద్రమున్న కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ 1997లో దీన్ని హేచరీలో గుడ్లు పెట్టించగలిగింది. గాలానికి పడినవాటిలో బాగా పెద్దవి ఆడవే అయ్యే అవకాశం ఎక్కువ కాబట్టి, పెద్దది దొరికిందని గొప్పలు పోయేవాళ్లను చూస్తే నాకు కొంచెం బాధేస్తుంది.

జనవరికి అల తగ్గుతుంది, దిబ్బ మీది ఇసుక కొంచెం కొంచెంగా ఒడ్డుకు తిరిగొస్తుంది. ఫిబ్రవరిలో ప్రవాహం మళ్లీ ఉత్తరానికి మళ్లుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. ఒడ్డున గాలం వేసేవాళ్లకు అది వర్తించదు. బజార్లో వంజరం ధర చూసి పిన్ని గుండె చేత్తో పట్టుకునే ఆ రెండు నెలలూ ఇంట్లో బాబాయి మాటకు ఎక్కడలేని విలువ వస్తుంది. ఆరు కిళంగాన్లు తెచ్చినా సరే, ఇత్తడి పళ్లెంలో పెట్టి అందరికీ చూపిస్తారు.