పచ్చబడ్డ సరస్సు నీళ్లు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఈరీ సరస్సు పడమటి వైపు వేసవి ముదిరేసరికి నీళ్లమీద పచ్చటి తెట్టు కడుతుంది. ఆ నీళ్లను పరీక్షించే ల్యాబ్‌లో నా పని. పిల్లల దగ్గరికి వచ్చిన మన పెద్దవాళ్లు తరచూ అనే మాటతోనే మొదలుపెడతాను.

అపోహ: కాచి చల్లార్చి తాగితే ఏమీ కాదు.

వాస్తవం: దయచేసి ఆ పని చేయకండి. కాచితే క్రిములు చస్తాయి, నిజమే. కానీ ఇక్కడ భయం ఈ పచ్చటి తెట్టు కట్టే సూక్ష్మజీవులు, అంటే సయనోబ్యాక్టీరియా, తయారుచేసే మైక్రోసిస్టిన్ అనే విషం గురించి. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, మరిగించినా చెక్కుచెదరదు. పైగా వేడికి కణాలు పగిలి లోపలి విషం బయటికొస్తుంది, నీళ్లు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. 2014 ఆగస్టులో ఈ సరస్సు ఒడ్డునున్న టొలీడో నగరం కుళాయి నీళ్లలో ఇది బయటపడినప్పుడు సుమారు 4 లక్షల మందికి తాగొద్దు, కాచొద్దు అనే చెప్పారు.

అపోహ: నీళ్లలో విషం ఉందో లేదో అనుభవం ఉన్నవాళ్లు చూసి చెప్పేస్తారు.

వాస్తవం: మైక్రోస్కోప్‌లో చూసినా నేను చెప్పలేను. ఈ విషం చేసే సయనోబ్యాక్టీరియాలో ఒక రకమైన మైక్రోసిస్టిస్ గుంపుల్లో విషం చేసేవీ, చేయనివీ అచ్చం ఒకేలా ఉంటాయి. విషం చేసే జన్యువు ఉందో లేదో పీసీఆర్ అనే జన్యు పరీక్షలో తెలుస్తుంది, విషం ఎంతుందో తెలియదు. అందుకే ఎలైసా అనే, రంగు మార్పును బట్టి లెక్కగట్టే పరీక్షతో విషాన్నే కొలుస్తాం. ముందు నమూనాను మూడుసార్లు గడ్డకట్టించి కరిగిస్తాం, కణాలు పగలాలి కదా. ఆ పని వదిలేస్తే కణాల్లో దాగిన విషం లెక్కలోకి రాదు. ఈ పరీక్షలో రంగు ఎంత తక్కువ వస్తే విషం అంత ఎక్కువ. కొత్తగా చేరినవాళ్లు ఇక్కడే తికమకపడతారు. నమూనాకు గాజు సీసా వాడతాం, చాలా రకాల ప్లాస్టిక్‌కు విషం అంటుకుంటుంది. ఏళ్ల తరబడి తాగే నీటికి డబ్ల్యూహెచ్‌ఓ పెట్టిన హద్దు లీటరుకు 1 మైక్రోగ్రాము.

అపోహ: మందు కొట్టి నాచును చంపేస్తే సరి.

వాస్తవం: 1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ఐలాండ్‌లో తాగునీటి జలాశయంలో మైలుతుత్తం వేశారు. కొద్ది రోజులకే వందమందికి పైగా జబ్బుపడ్డారు, వాళ్లలో ఎక్కువమంది పిల్లలే. చచ్చిన కణం తన విషాన్ని నీళ్లలోకి వదిలేస్తుంది.

అపోహ: నీళ్లు తేటపడ్డాయి, ఇక దిగొచ్చు.

వాస్తవం: తెట్టు పోయాక కూడా విషం కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు నిలిచి ఉంటుంది. ఒడ్డున హెచ్చరిక బోర్డు తీసేదాకా పిల్లల్నీ, కుక్కల్నీ దించకండి. కుక్కలు ఒళ్లు నాకి శుభ్రం చేసుకుంటాయి, ఆ తెట్టంతా కడుపులోకే వెళ్తుంది.