బ్యాంకుకు గుడి రూపం ఎందుకొచ్చింది?

అమెరికాలో ప్రభుత్వ భవనాలు ఏ శైలిలో ఉండాలన్న తగవు ఇంకా తెగలేదు. గ్రీకు, రోమన్ శైలికి పెద్దపీట వేస్తూ ట్రంప్ 2020 డిసెంబరులో ఇచ్చిన ఉత్తర్వును 2021 ఫిబ్రవరిలో బైడెన్ రద్దు చేశారు. 2025 ఆగస్టులో ట్రంప్ అలాంటిదే మరొకటి తెచ్చారు. 2020 నాటి ఉత్తర్వు మేలైన కట్టడాలుగా పేర్కొన్నవాటిలో ఫిలడెల్ఫియాలోని సెకండ్ బ్యాంక్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్ ఒకటి. దాని చరిత్ర తిరగేస్తే ఆ ఎంపిక కాస్త విడ్డూరంగానే ఉంటుంది.

1816లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ 20 ఏళ్ల గడువుతో ఈ బ్యాంకును ఏర్పాటు చేసింది. భవనం గ్రీకు పద్ధతిలో ఉండాలని డైరెక్టర్లు కోరారు, అదీ తక్కువ ఖర్చులో. పోటీలో గెలిచిన విలియం స్ట్రిక్‌లాండ్ ఏథెన్స్‌లోని ప్రాచీన గ్రీకు గుడి పార్థెనాన్‌ను ఒరవడిగా తీసుకున్నాడు. 1824లో పని పూర్తయింది. చెస్ట్‌నట్ వీధి వైపు ఎనిమిది డోరిక్ స్తంభాలు, అంటే గ్రీకు పద్ధతుల్లో అతి సాదావి. వాటికి పీఠాలు లేవు, నేరుగా అరుగు మీది నుంచే లేస్తాయి. ఒంటినిండా నిలువు చాళ్లు. పైనున్న త్రికోణంలో మాత్రం ఒక్క శిల్పమూ లేదు. వెనుకవైపూ ఎనిమిది స్తంభాలే. పక్కలకు వచ్చేసరికి స్ట్రిక్‌లాండ్ పార్థెనాన్‌ను వదిలేశాడు. అక్కడా స్తంభాల వరుస పెడితే లోపల లెక్కలు రాసుకునేవారికి వెలుతురు చాలదు. అందుకని కిటికీలు పెట్టాడు. అనుకరణ కన్నా ఆ సవరణలోనే అతని పనితనం తెలుస్తుంది.

ఆ రోజుల్లో డిపాజిట్లకు ప్రభుత్వ హామీ లేదు. బ్యాంకు మునిగితే సొమ్ము గోవిందా. కాబట్టి ఖాతాదారుకు ధైర్యం ఆ రాతిని చూసే కలగాలి. తర్వాత శతాబ్దం పాటు ఊరూరా బ్యాంకులు గుడి ముఖమండపాలు తగిలించుకోవడానికి ఇదొక ముఖ్య కారణం.

కానీ రాయి ఈ బ్యాంకునే కాపాడలేదు. ఇది ధనికుల కొమ్ము కాస్తోందంటూ 1832లో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ గడువు పొడిగింపు బిల్లును వీటో చేశాడు. 1836లో గడువు ముగిసింది. పెన్సిల్వేనియా రాష్ట్ర అనుమతితో మరికొన్నాళ్లు నడిచి 1841లో దివాలా తీసింది. భవనం కస్టమ్స్ కార్యాలయమైంది, ఇప్పుడు చిత్రపటాల ప్రదర్శనశాల. ఈ బ్యాంకుకు గండికొట్టిన జాక్సన్ చిత్రపటాన్నే ట్రంప్ 2017లో తన ఓవల్ ఆఫీసులో పెట్టించుకున్నారు!

1930–33 మధ్య అమెరికాలో దాదాపు 9,000 బ్యాంకులు మూతపడ్డాయి. 1934 జనవరి 1 నుంచి 2,500 డాలర్ల వరకు డిపాజిట్లకు బీమా వచ్చింది. ఇక స్తంభాల అవసరం తగ్గింది. 1954లో న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో మాన్యుఫాక్చరర్స్ ట్రస్ట్ అనే బ్యాంకు తన శాఖను అద్దాల గోడలతో కట్టి, ఖజానా తలుపును దారిన పోయేవారికి కనిపించేలా పెట్టింది.