ప్లాస్టర్ గట్టిపడేలోపు

హైదరాబాద్‌లో ఒక కృత్రిమ అవయవాల వర్క్‌షాప్. బయోమెడికల్ ఇంజినీరింగ్‌లో పీజీ చేస్తున్న ఒక అమ్మాయి కృత్రిమ కాలి కోసం అచ్చు తీయడానికి తొలిసారి మనిషి కాలికి ప్లాస్టర్ చుట్టబోతోంది. ఎదురుగా కూర్చున్నాయన ఉప్పల్‌లో ఆటో నడిపేవారు. మధుమేహం ముదరడంతో మోకాలి కింద కాలు తీసేశారు. మిగిలిన కాలికి పల్చటి మేజోడు తొడిగి, వేళ్లతో తడిమి చూస్తూ ఆ అమ్మాయి రంగు పెన్సిల్‌తో గుర్తులు పెడుతోంది.

"నొప్పిగా ఉంటే చెప్పండి బాబాయ్."

"అక్కడ కాదమ్మా, ఇదిగో ఇక్కడ. ఈ ఎముక మీద నొక్కితే ప్రాణం జివ్వుమంటుంది" అని ఆయనే ఆమె వేలు పట్టుకుని మోకాలి పక్కన బయటి వైపు పెట్టారు. అది ముంగాలి ఎముక పక్కనే ఉండే సన్న ఎముక తల. దాని పక్కనుంచే ఒక నరం చర్మానికి బాగా దగ్గరగా వెళుతుంది. ఆ సంగతి ఆమె పుస్తకంలో చదివే ఉంటుంది. వేలికి తెలిసింది మాత్రం ఆ క్షణంలోనే.

కృత్రిమ కాలిలో అసలు కీలకం పాదం కాదు, మిగిలిన కాలు ఇమిడే గిన్నె. దాన్ని సాకెట్ అంటారు. కోసిన ఎముక కొన మీద ఒంటి బరువు ఆనితే మనిషి నిలబడలేడు. అందుకే ఆ బరువును తట్టుకోగల చోట్లకు మళ్లించాలి. మోకాలి చిప్ప కింద తాడులా తగిలే టెండన్ కొంత బరువు మోస్తుంది. ముంగాలి ఎముక అంచు, సన్న ఎముక తల మోయలేవు. ఈ సూత్రంతో 1950లలో అమెరికాలోని బర్కిలీలో రూపొందిన సాకెట్ పద్ధతినే ఇప్పటికీ విద్యార్థులకు ముందుగా నేర్పిస్తారు.

తడి ప్లాస్టర్ పట్టీ చుట్టాక, టెండన్‌కు రెండు వైపులా బొటనవేళ్లు ఆనించి కదలకుండా పట్టుకోవాలి. ప్లాస్టర్ నీటిని పట్టుకుని గట్టిపడుతూ వేడిని వదులుతుంది. అరచేతికి ఆ వెచ్చదనం తెలుస్తుంది. ఉన్నది కొన్ని నిమిషాలే. ఈలోపు వేలు జారితే అచ్చు చెడినట్టే. గట్టిపడ్డ డొప్పను ఊడదీస్తే పెన్సిల్ గుర్తులు దాని లోపలి వైపు దిగి ఉంటాయి. అందులో మళ్లీ ప్లాస్టర్ పోస్తే కాలి నమూనా తయారవుతుంది, గుర్తులు దానికీ అంటుకుంటాయి. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. ఒత్తిడి పడకూడని చోట నమూనాకు ప్లాస్టర్ చేర్చాలి, పడాల్సిన చోట గీకెయ్యాలి. సాకెట్ ఆ నమూనా మీదే తయారవుతుంది కాబట్టి, నమూనా ఉబ్బిన చోట సాకెట్‌లో ఖాళీ మిగులుతుంది.

ఇప్పుడు స్కానర్లు, త్రీడీ ప్రింటర్లు వచ్చాయి కదా, ఇంత మట్టిపని ఎందుకని అడిగేవాళ్లున్నారు. స్కానర్ ఆకారాన్ని చూస్తుంది. ఎక్కడ జివ్వుమంటుందో చెప్పాల్సింది కాలు గల మనిషే. 1993లో అమెరికాలో 227 మంది వికలాంగులను అడిగి చూస్తే, వాళ్లకు అందిన పరికరాల్లో 29.3 శాతం పూర్తిగా మూలన పడ్డాయని తేలింది. ఎంపికలో వాడేవాళ్ల మాట వినకపోవడం దానికి ఒక ముఖ్య కారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2022లో వేసిన లెక్క ప్రకారం కనీసం ఒక సహాయక పరికరం అవసరమైనవాళ్లు 250 కోట్ల మంది. మూలన పడే వస్తువులు తయారుచేస్తూ పోవడానికి ఇది సమయం కాదు.

ఈ నగరానికి ఈ విషయంలో చక్కని పూర్వానుభవం ఉంది. నిమ్స్ ఎముకల వైద్యుడొకరు అబ్దుల్ కలాం ప్రయోగశాలకు వెళ్లి, క్షిపణి కోసం చేసిన పదార్థాన్ని చేతిలోకి తీసుకుని, అది ఎంత తేలికగా ఉందో చూసి ఆశ్చర్యపోయారు. వెంటనే కలాంను తన ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప క్యాలిపర్లను, అంటే కాళ్లకు ఊతంగా కట్టే చట్రాలను, ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్లు తయారయ్యాయని కలాం ఎన్నో ప్రసంగాల్లో చెప్పారు. శాస్త్రవేత్త వార్డులోకి నడిచి వెళ్లడం వల్లే ఇది జరిగిందని నా నమ్మకం. 1968లో వచ్చిన జైపూర్ పాదం కథా ఇలాంటిదే. శిల్పి రామచంద్ర శర్మ, వైద్యుడు పి.కె.సేథీ కలిసి పనిచేసినందువల్లే చెప్పులు లేకుండా నడవడానికి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడానికి వీలైన పాదం వచ్చింది.

నా మటుకు నేను కోరేది, ప్రతి పీజీ విద్యార్థికీ ఒక సెమిస్టర్ అంతా ఒకే మనిషితో పని ఉండాలి. ఆ మనిషి ఇంటికి వెళ్లాలి. చక్రాల కుర్చీకి వాలు కట్టాలంటే ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు కావాలని క్లాసులో రాసుకుంటారు. 45 సెంటీమీటర్ల అరుగుకు లెక్కేస్తే ఐదు మీటర్ల 40 సెంటీమీటర్లు. ఏ బస్తీకైనా వెళ్లి టేపు పరిస్తే, ఆ వాలు సందు దాటి ఎదురింటి గోడకు గుద్దుకుంటుంది. అక్కడి నుంచే అసలు డిజైన్ మొదలవుతుంది. ఏప్రిల్ ఎండల్లో సాకెట్ లోపల చెమట ఎలా పడుతుందో, సాయంత్రానికి కాలు కాస్త సన్నబడి ఇంకో మేజోడు ఎందుకు తొడగాల్సి వస్తుందో కూడా ఆ ఇంట్లోనే తెలుస్తుంది.

కొన్ని రోజుల తర్వాత ఆటో బాబాయ్ కొత్త కాలు తొడుక్కుని, సమాంతర కడ్డీలు పట్టుకుని పది నిమిషాలు నడిచారు. ఆ అమ్మాయి కింద కూర్చుని సాకెట్ తీసి చర్మం చూసింది. టెండన్ దగ్గర ఎర్రబడింది, అది ఉండాల్సిందే. సన్న ఎముక తల దగ్గర కూడా చిన్న ఎర్రటి మచ్చ. పది నిమిషాల్లో అది మాయమైతే ఫరవాలేదు, లేకపోతే సాకెట్ సరిచేయాలి. ఆమె గోడ గడియారం వైపు చూసి, ఆ మచ్చ మీద నుంచి చూపు తిప్పకుండా అక్కడే కూర్చుంది.