ట్రైకో కార్డు మీద రాయని పేరు

పర్లాకిమిడి నుంచి కాశీనగరం వైపు వెళ్తే వంశధార దగ్గర మా మావయ్యకు రెండెకరాల వరి ఉంది. పోయిన ఖరీఫ్‌లో, పైరు దుబ్బు కట్టే రోజుల్లో, లేత పసుపు రెక్కల మీద చెరో నల్ల చుక్క ఉన్న పురుగులు సాయంత్రం దీపం చుట్టూ చేరడం మొదలైంది. కాండం తొలిచే పురుగుకు తల్లులు అవే. మందు కొట్టడం ఇష్టం లేక ఆయన ట్రైకో కార్డులు తెప్పించుకున్నాడు. కవరు మీద ‘ట్రైకో కార్డు’ అన్న మాట, తేదీ తప్ప ఇంకేమీ లేవు.

“ఏ ట్రైకో మావయ్యా?” అని అడిగాను.

“ట్రైకో అంటే ట్రైకోయే కదరా. అందులో మళ్లీ రకాలా?” అన్నాడు.

ఉన్నాయి. పొలంలో ఫలితం చాలావరకు ఆ రకం మీదే ఆధారపడుతుంది.

కార్డు అంటే ఒక అట్టముక్క. దాని మీద బియ్యం పురుగు గుడ్లు అతికించి ఉంటాయి. ఒక ఘన సెంటీమీటరు గుడ్లు తీసుకుంటే సుమారు ఇరవై వేలు. ఆ గుడ్లలో ట్రైకోగ్రామా అనే కందిరీగ తన గుడ్డు పెడుతుంది. లోపల పుట్టిన పిల్ల ఆ గుడ్డునే తిని పెరుగుతుంది. మూడు నాలుగు రోజులకు బియ్యం పురుగు గుడ్డు నల్లబడుతుంది, వారం దాటేసరికి దానికి చిన్న కన్నం పెట్టుకుని కందిరీగ బయటికొస్తుంది. పేరుకు కందిరీగే గానీ మనల్ని కుట్టదు. పొడవు అర మిల్లీమీటరు, అంటే చోడిగింజలో సగం కూడా ఉండదు. కార్డును పొలంలో కడితే అవి బయటికొచ్చి కాండం తొలిచే పురుగు గుడ్లను వెతుక్కుంటాయి. పురుగు పుట్టకముందే పని అయిపోతుంది.

కార్డు సంగతి అలా ఉంచి, ముందు పొలంలో ఏముందో చూద్దామనిపించింది. వరి ఆకు చివర గోధుమరంగు నూగు కప్పుకుని ఉండే గుడ్ల గుంపులు కొన్ని కోసి, గాజు గొట్టాల్లో వేసి దూది బిరడా పెట్టాను. కొన్ని రోజులకు వాటిలోంచి మూడు తీరుల కందిరీగలు వచ్చాయి. నేను పాఠం చెప్పే కాలేజీ ల్యాబ్‌లో వాటి పాదాల్లోని కణుపులు లెక్కపెట్టాను. అయిదు కణుపులుండి, ఒళ్లంతా నల్లగా నిగనిగలాడేది టెలినోమస్. నాలుగుంటే, పచ్చని లోహపు మెరుపున్నది టెట్రాస్టైకస్. దాని పిల్ల ఒక గుడ్డుతో సరిపెట్టుకోదు, పక్కనున్న గుడ్లనూ తినేస్తుంది. మూడే కణుపులుంటే ట్రైకోగ్రామా. మూడు, నాలుగు, అయిదు! వేర్వేరు కుటుంబాలను ఇంత సులువుగా విడదీయొచ్చని మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

అక్కడిదాకా సులువే. ట్రైకోగ్రామాలోనే ఒక జాతిని ఇంకో జాతి నుంచి విడదీయాలంటే అసలు కష్టం మొదలవుతుంది. మన వరికీ చెరకుకూ సంబంధించి ముఖ్యమైనవి రెండు. చెరకులో పీక పురుగు మీద, వరిలో ఆకుముడత మీద చిలోనిస్‌ను వదులుతారు. వరి కాండం తొలిచే పురుగుకైతే జపోనికం కావాలి. జపోనికం నల్లగా, చిలోనిస్ పసుపుగా ఉంటుంది కదా, రంగు చూసి చెప్పేయొచ్చు అనుకుంటాం. కానీ చలిలో పెరిగితే పసుపుది కూడా ముదురు రంగుకు తిరుగుతుంది. సైజును నమ్ముదామంటే, పెద్ద గుడ్డులో పెరిగింది పెద్దగా, చిన్న గుడ్డులో పెరిగింది చిన్నగా వస్తుంది. రెక్కల మీద వెంట్రుకలు వరసలు కట్టి ఉంటాయి, ట్రైకోగ్రామా అన్న పేరు కూడా వాటిని బట్టే వచ్చింది. ఆ వరసలు కూడా దగ్గరి జాతుల మధ్య తేడా చెప్పలేవు.

మా ఊళ్లకు రెండేసి పేర్లుంటాయి. పర్లాకిమిడి అన్నా పారళాఖెముండి అన్నా ఒకే పట్నం. ఈ కందిరీగల విషయంలో మాత్రం చాలాకాలం రెండు తప్పులూ కలిసి జరిగాయి. ఒకే పేరు కింద నాలుగైదు జాతులు కలిసిపోయాయి, ఒకే జాతికి నాలుగు పేర్లూ పడ్డాయి. మన దేశంలో పుస్తకాల్లో మినుటం అనీ, తరువాత ఆస్ట్రేలికం అనీ రాసిన కందిరీగకు 1976లో ఇటలీకి చెందిన విజ్జాని కన్‌ఫ్యూజం అని పేరు పెట్టాడు. గందరగోళానికి తగిన పేరే! చివరికి అది 1941లోనే జపాన్‌లో ఇషీ వర్ణించిన చిలోనిస్ అని 1979లో తేలింది.

అలా తేల్చింది బెంగళూరులోని ఇద్దరు శాస్త్రవేత్తలు, సుధా నాగర్‌కట్టి, హెచ్. నాగరాజ. కామన్వెల్త్ జీవ నియంత్రణ సంస్థకు అక్కడున్న కేంద్రంలో పనిచేసేవారు. 1968లో వాళ్లు వేర్వేరు పేర్లతో ఉన్న కందిరీగలను జతకట్టించి, సంతానం కలుగుతుందా లేదా అని చూశారు. ఆ తరువాత 1971 వ్యాసంలో, తేడా కచ్చితంగా కనబడే చోటును చూపించారు. అది మగ కందిరీగ జననాంగం. మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త అటూ ఇటూగా ఉండే భాగం. ప్రపంచమంతా ట్రైకోగ్రామాను గుర్తించే తీరు ఆ పనితో మారిపోయింది. ఇంత పెద్ద పని మన దేశంలోనే జరిగిందని మా విద్యార్థుల్లో ఒక్కరికీ తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మావయ్య కార్డు మూలన చిన్న ముక్క కత్తిరించి తెచ్చుకున్నాను. ముందుగా బయటికొచ్చేవి మగవే, ఆడవాటి కోసం అక్కడే కాచుకుంటాయి. మీసాల మీద పొడవాటి వెంట్రుకలుంటే మగది, మీసం చివర గద లాగా లావైతే ఆడది. మగదాన్ని ఆల్కహాల్‌లో వేసి, తరువాత కాస్టిక్ పొటాష్‌లో మెల్లగా వేడి చేస్తే కండ అంతా కరిగిపోయి గాజు లాంటి తోలు మిగులుతుంది. దాన్ని స్లైడు మీద వీపు పైకి ఉండేట్టు సూదితో సర్దాలి. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుంది, అందుకే మొదటి రెండూ పోయాయి. మూడోది నిలిచింది.

నాలుగు వందల రెట్లు పెద్దది చేసి చూస్తే జననాంగం చిన్న దోనె లాగా కనబడింది. చివర పట్టకారులా రెండు కొక్కేలు. పైన, వీపు వైపు, ఇంటి కప్పు లాంటి ఒక పలక. చూడాల్సింది ఆ పలక ఆకారాన్ని, దాని కొస ఎంతవరకు సాగిందన్నదాన్ని. నా స్లైడులో అది త్రికోణంగా ఉంది, రెండు పక్కలా చెవుల్లా ఉబ్బి ఉంది. అది చిలోనిస్ గుర్తు.

ఈ పద్ధతికీ ఒక చిక్కుంది. కొన్ని ట్రైకోగ్రామాలలో వోల్బాకియా అనే బాక్టీరియా చేరితే ఆడవే పుడతాయి, మగవి ఉండవు. మగది లేకపోతే ఈ గుర్తు చూసే వీలే లేదు. 1990లో స్టౌథామర్ బృందం అలాంటి కందిరీగలకు యాంటీబయాటిక్ ఇచ్చి చూస్తే మళ్లీ మగవి పుట్టాయి. ఇప్పుడైతే డీఎన్‌ఏలో ఒక చిన్న ముక్క చదివి కూడా జాతి చెబుతున్నారు. అయినా డీఎన్‌ఏను పోల్చడానికి సరిగ్గా పేరుపెట్టిన నమూనా ఒకటి ముందే ఉండాలి, ఆ పేరు పెట్టింది ఎవరో స్లైడు చూసే.

ఫోన్ చేసి చెప్పాను. “అయితే నా కార్డులు వృథాయేనా?” అన్నాడు మావయ్య. ఆకుముడతకు పనికొస్తాయని, కాండం తొలిచే పురుగుకు జపోనికం అని అడిగి తెచ్చుకోమని చెప్పాను. పేరు రెండుసార్లు పలికించుకుని రాసుకున్నాడు.

ఆ గాజు గొట్టాల్లో ఎక్కువగా వచ్చింది మాత్రం టెలినోమస్. ఏ కార్డూ కట్టకముందే అది ఆయన పొలంలో ఉంది. దాని తెలివి చూస్తే ముచ్చటేస్తుంది: తల్లి రెక్కల పురుగు ఒంటిని పట్టుకుని కూడా ప్రయాణిస్తుంది, అది గుడ్లు పెడుతుంటే, నూగు కప్పేలోపే తన పని కానిచ్చుకుంటుంది. ఇందులోనూ రొవాని, డిగ్నస్ అని దగ్గరి జాతులున్నాయి, వాటిని విడదీయడానికీ మగవాటి జననాంగాలే చూడాలి. పద్దెనిమిది మగవి ఆల్కహాల్ సీసాలో ఉన్నాయి. ఈ దసరా సెలవుల్లో వాటి స్లైడులు మొదలుపెట్టాలి.