2010 అక్టోబరులో తేలని లెక్క

ఉత్తరాఖండ్‌లో సహజీవనం చేసేవాళ్లు పేర్లు రిజిస్టర్ చేయించుకోవాలన్న నిబంధనపై రగడ మళ్లీ రాజుకుంది. టీవీ చర్చలన్నీ ప్రైవసీ, సంస్కృతి చుట్టూనే తిరుగుతున్నాయి. ఏళ్ల తరబడి కలిసి బతికిన మనిషి పోతే పీఎఫ్ ఎవరికి, వదిలేసి పోతే భరణం ఎవరిస్తారు అన్న డబ్బు సంగతి మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. ఆ చిక్కుముడి పడింది 2010 అక్టోబరులో, రెండే వారాల్లో.

'వివాహం వంటి సంబంధం'లో ఉన్న స్త్రీకీ 2005 గృహహింస చట్టం వర్తిస్తుందన్నది తెలిసిందే. ఆ సంబంధం ఎలా ఉండాలో చట్టం విప్పి చెప్పలేదు. అక్టోబరు 7న సుప్రీంకోర్టులో జస్టిస్ సింఘ్వీ, జస్టిస్ గంగూలీల ధర్మాసనం ముందుకు ఒక వితంతువు కేసు వచ్చింది. భర్త పోయాక కుల ఆచారం ప్రకారం మరిదితో కాపురం పెట్టింది, తర్వాత అతను వదిలేశాడు. సప్తపది రుజువు కాలేదని హైకోర్టు ఆమెకు భరణం కాదంది. చాలాకాలం భార్యాభర్తల్లా బతికితే భరణానికి పెళ్లి రుజువులు పట్టుబట్టి అడగకూడదని సుప్రీంకోర్టు అభిప్రాయపడి, విషయాన్ని ఇంకా ఎక్కువమంది జడ్జీలుండే విస్తృత ధర్మాసనానికి నివేదించింది.

సరిగ్గా పద్నాలుగు రోజులకు, 21న, జస్టిస్ కట్జూ, జస్టిస్ ఠాకూర్‌ల ధర్మాసనం మరో దారి పట్టింది. అది కోయంబత్తూరులో ఒక టీచరు మీద ఒక మహిళ వేసిన కేసు. గొడవంతా నెలకు 500 రూపాయల భరణం మీద. 'వివాహం వంటి సంబంధం' అనిపించుకోవాలంటే సమాజం ముందు దంపతుల్లా మెలగాలి, పెళ్లి వయసు ఉండాలి, చాలాకాలం ఇష్టపూర్వకంగా కలిసి ఉండాలి అంది కోర్టు. వీటితో పాటే ఇంకో షరతు: ఇద్దరూ చట్టప్రకారం పెళ్లికి అర్హులై, అంటే అవివాహితులై ఉండాలి. దీనివల్ల చాలామంది ఆడవాళ్లకు ఆ చట్టం అందకుండా పోతుందని న్యాయమూర్తులే రాశారు, కానీ చట్టం మార్చడం తమ పని కాదన్నారు. రెండు వారాల ముందు వచ్చిన తీర్పు ఊసే అందులో లేదు.

ఆ తీర్పులో వాడిన 'కీప్' (ఉంచుకున్న ఆడది) అన్న మాటకు అదనపు సొలిసిటర్ జనరల్ ఇందిరా జైసింగ్ మర్నాడే కోర్టులో అభ్యంతరం చెప్పారు. అడగాల్సిందే అడిగారు. కాకపోతే పత్రికల దృష్టంతా ఆ మాట మీదే నిలిచి, అవివాహితులన్న షరతు చర్చకే రాలేదు. 2013లో గృహహింస చట్టం కింద కోర్టుకెళ్లిన ఒక బెంగళూరు మహిళకు ఆ షరతే అడ్డొచ్చింది. తనతో ఉన్న మగవాడికి అప్పటికే పెళ్లయిందని తెలిసే కలిసి ఉంది కాబట్టి ఏళ్ల సహజీవనమూ లెక్కకు రాలేదు. పార్లమెంటు ఆలోచించాలని మాత్రం కోర్టు కోరింది.

మొదటి భార్య సంగతేమిటని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. 2000లో బిహార్ ఉద్యోగి కేసులో ఫ్యామిలీ పెన్షన్ రెండో భార్యకు దక్కలేదు, ఆమె పిల్లలకు మాత్రం వాటా వచ్చింది. అయితే ఇద్దరికీ న్యాయం చేసే దారి లేకపోలేదని 2008లో తేలింది. బొగ్గు గనిలో హెల్పర్‌గా పనిచేసి చనిపోయిన వ్యక్తి తనతో ఉన్న రెండో భార్యను నామినీగా రాశాడు. నలుగురు పిల్లలూ ఆమె పిల్లలే. సుప్రీంకోర్టు వారసత్వ సర్టిఫికెట్ ఆమెకే ఇచ్చి, మొదటి భార్యకు ఐదో వంతు వాటా కాపాడింది.

మన దగ్గరి కేసు 2025 జనవరి 30న తేలింది. మొదటి భర్త నుంచి కాగితం మీద విడిపోయినా కోర్టు విడాకులు తీసుకోని హైదరాబాద్ మహిళకు, చట్టం దృష్టిలో చెల్లని రెండో పెళ్లి భర్త నుంచి ఫ్యామిలీ కోర్టు నెలకు 3,500 ఇప్పించింది. హైకోర్టు దాన్ని కొట్టేసింది. సంగతంతా తెలిసే పెళ్లాడినవాడు ఇప్పుడు తప్పించుకోలేడని సుప్రీంకోర్టు ఆ భరణాన్ని తిరిగి నిలబెట్టింది.

దానికి మూడు రోజుల ముందే ఉత్తరాఖండ్ ఉమ్మడి పౌరస్మృతి అమల్లోకి వచ్చింది. వదిలేసిన భాగస్వామి నుంచి భరణం కోరే హక్కు స్త్రీకి అందులో ఉంది. పిల్లలకు చట్టబద్ధత ఉంది. ఆస్తి వారసుల జాబితాలో మాత్రం సహజీవన భాగస్వామి లేరు. ఇద్దరిలో ఒకరికి అప్పటికే పెళ్లయి ఉంటే రిజిస్ట్రేషనే చేయరు.