వాట్సాప్‌ నుంచి ఎందుకు బయటికి రాలేకపోతున్నాం?

వాట్సాప్ గురించి మాట మొదలైతే చాలు, మన మెసేజ్‌లు వాళ్లు చదువుతున్నారా అనే దగ్గరే ఆగిపోతాం. 2016 ఏప్రిల్ నుంచి మెసేజ్‌లన్నీ ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తున్నాయి, చదవడం కంపెనీకి కూడా కుదరదు. అసలు గొడవంతా మెసేజ్ చుట్టూ ఉండే సమాచారంతోనే. మన నంబరు, వాడే ఫోను, ఎప్పుడెప్పుడు వాడతాం, ఏ షాపులతో చాట్ చేస్తాం, ఇవన్నీ దాని యజమాని ఫేస్‌బుక్ (ఇప్పుడు మెటా) చేతికి వెళ్లొచ్చా అని. వెళ్లడం ఇష్టం లేకపోతే మనం చేయగలిగిందేమైనా ఉందా అని కూడా.

2009లో దీన్ని పెట్టిన జాన్ కూమ్, బ్రయాన్ ఆక్టన్ ఇద్దరూ యాహూ నుంచి వచ్చినవాళ్లు, ప్రకటనలంటేనే గిట్టనివాళ్లు. మొదటి ఏడాది ఉచితం, ఆ తర్వాత ఏడాదికో డాలరు, అంతే వాళ్ల లెక్క. (పదిమందికి ఫార్వర్డ్ చేయకపోతే రేపటి నుంచి వాట్సాప్‌కి డబ్బులు కట్టాలంటూ తిరిగిన మెసేజ్‌లు గుర్తున్నాయా?) 2014 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. మీకేమీ మారదని కూమ్ వాడకందారులకు మాటిచ్చాడు.

ఆ మాట రెండున్నరేళ్లు నిలిచింది. 2016 ఆగస్టులో కొత్త షరతులు వచ్చాయి. అప్పటి స్క్రీన్ చూడండి: పైన ‘అగ్రీ’ అని పెద్ద బటన్, కింద చదవమని చిన్న లింకు. ఆ లింకు నొక్కితేనే ఫేస్‌బుక్‌తో నా సమాచారం పంచుకోండి అనే గడి కనిపిస్తుంది, దాంట్లో టిక్కు ముందే పెట్టేసి ఉంటుంది. వద్దనుకుంటే తీసేసుకోవచ్చు, కానీ పాతవాళ్లకే, అదీ 30 రోజుల్లోపే. ఎంతమంది ఆ లింకు దాకా వెళ్లి ఉంటారో మీరే ఊహించుకోండి.

యూరప్ ఊరుకోలేదు. రెండు యాప్‌ల ఖాతాలను ఆటోమేటిగ్గా కలపడం నమ్మకంగా జరిగే పని కాదని 2014లో ఫేస్‌బుక్ అక్కడి అధికారులకు చెప్పింది. ఆ పని సాధ్యమేనని కంపెనీ వాళ్లకు అప్పటికే తెలుసని తేలడంతో 2017 మేలో 11 కోట్ల యూరోల జరిమానా పడింది. మన దగ్గర ఇద్దరు విద్యార్థులు ఢిల్లీ హైకోర్టుకెళ్లారు. 2016 సెప్టెంబరు 25 వరకు పోగైన డేటాను పంచుకోవద్దని కోర్టు చెప్పింది, ఆ తేదీ తర్వాతి దానికి అడ్డు చెప్పలేదు. కేసు సుప్రీంకోర్టుకెళ్లి రాజ్యాంగ ధర్మాసనం ముందుకు చేరింది. ఈలోపు ఆక్టన్ కంపెనీ వదిలేసి, 2018లో ఫేస్‌బుక్‌ను డిలీట్ చేయండని ట్వీట్ పెట్టాడు, ఆ తర్వాత కొన్ని వారాలకే కూమ్ కూడా తప్పుకున్నాడు. అమ్మినవాళ్లే అలా అన్నారంటే ఇంక మనం చెప్పేదేముంది.

2021 జనవరికి ఆ టిక్కు తీసేసే వీలు కూడా పోయింది. ఫిబ్రవరి 8లోపు ఒప్పుకుంటే ఉండండి, లేదంటే మీ ఇష్టం. యూరప్ వాళ్లకు మాత్రం ఈ బాధ లేదు, అక్కడ చట్టం గట్టిది. జనం కోపంతో సిగ్నల్, టెలిగ్రామ్ వేసుకున్నారు, ఫలానావాళ్లు సిగ్నల్‌లో చేరారని ఓ వారం పాటు నోటిఫికేషన్లే నోటిఫికేషన్లు. తర్వాత? అపార్ట్‌మెంట్ గ్రూపు, పిల్లల స్కూలు గ్రూపు, పాలవాడు, అమెరికాలో ఉన్న అక్కయ్య, అందరూ ఇక్కడే. నేనొక్కడినే పోతే నాకే నష్టం, అందరూ ఒకేసారి పోవడం అయ్యే పని కాదు. కంపెనీ బలమంతా ఇక్కడుంది, యాప్ బాగుందా లేదా అనేది తర్వాతి మాట. గొడవ ముదిరాక గడువును మే 15కి జరిపారు, ఒప్పుకోనివాళ్ల ఖాతాలు తీసేయబోమని చెప్పారు. ఒప్పుకోనక్కర్లేదన్న ఆ సంగతి అందరికీ తెలిసేలా పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలివ్వమని 2023లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

సరిగ్గా ఈ కోణాన్నే పట్టుకుంది, మార్కెట్లో పోటీ సరిగ్గా ఉందా లేదా చూసే కాంపిటీషన్ కమిషన్. ఇంకో దారి లేనివాడి చేత ‘సరే’ అనిపించుకోవడం ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేయడమేనని 2024 నవంబరు 18న తేల్చి, 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది, ప్రకటనల కోసం డేటా పంచుకోవడాన్ని ఐదేళ్లు నిషేధించింది.

ఆ తీర్పు రావడానికి సుమారు నెల ముందే, అక్టోబరు 22న, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అదే మెటాతో వాట్సాప్ పాలనకు ఒప్పందం చేసుకుంది. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ 161 సేవలతో మొదలైంది, ఇంటర్ హాల్ టికెట్లు కూడా అందులోనే వచ్చాయి. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది, కాదనను. కానీ వాట్సాప్ వదిలేయాలనుకునేవాడికి ఇప్పుడు ప్రభుత్వం కూడా ఒక అడ్డే అయింది.

మన మిత్ర మొదలవడానికి వారం ముందే ఆ ఐదేళ్ల నిషేధంపై, కమిషన్ తీర్పుల మీద అప్పీళ్లు వినే అప్పిలేట్ ట్రిబ్యునల్ స్టే ఇచ్చింది. 2025 నవంబరు 4న తుది తీర్పులో జరిమానాను ఉంచి నిషేధాన్ని కొట్టేసింది. పది రోజులకు, 2023 నాటి డేటా రక్షణ చట్టానికి కేంద్రం రూల్స్ ప్రకటించింది. అందులో సమ్మతికి సంబంధించిన ముఖ్యమైన భాగాలు అమల్లోకి రావడానికి కంపెనీలకు 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే దాకా.